నాలుగు బకెట్ల నత్తలు

ఫుకామిజు,
అక్టోబరు 9, 2024

ప్రియమైన ఇసావో బాబాయికి,

నిన్న మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, పట్టణ కార్యాలయం రెండో అంతస్తులో, నా పరిశోధన తప్పని తేలిపోయింది. తేల్చింది మరో శాస్త్రవేత్త కాదు. నీలం అట్ట వేసిన ఒక పాత నోటు పుస్తకం. అందులో నీ పేరుంది.

జరిగింది జరిగినట్టే రాస్తాను. మన ఊరి వాగు దిగువన మూడు వందల మీటర్ల మేర అడుగుకూ ఒడ్లకూ సిమెంటు వేయాలని పట్టణం వాళ్లు రెండేళ్లుగా అంటున్నారు. వరద నీరు తొందరగా సరస్సులోకి పోతుందని వాళ్ల వాదన. ఆ వాగులోని నత్త చాలా పాత రకమని, చుట్టుపక్కల వాగుల్లో ఎక్కడా లేదని నేను మార్చిలో ఒక వ్యాసం అచ్చు వేయించాను. అందుకని పని ఆగింది. ఆపాలా, మొదలుపెట్టాలా అని తేల్చడానికి వేసిన కమిటీ నిన్న కూర్చుంది. నేను నా పటాలు గోడకు తగిలించి అరగంట మాట్లాడాను. అప్పుడు గుమాస్తా వకామాత్సు లేచి, మన ఊళ్లో మిణుగురులను కాపాడే మిణుగురుల సంఘం వారి పాత పుస్తకం తెరిచి చదివాడు.

"1989 అక్టోబరు 10. ఇసావో తన ట్రక్కులో తానిహారా నుంచి నాలుగు బకెట్ల నత్తలు తెచ్చి మన వాగులో వదిలాడు. మిణుగురు పిల్లలకు ఇక తిండికి కరువు లేదు. సంఘం తరఫున కృతజ్ఞతలతో ఒక సీసా సాకే సారా ఇచ్చాం."

అప్పట్లో ఆ సంఘం పెద్ద ఓత్సుబో తాతకు ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్లు. వెనక వరసలో కూర్చున్నాడు. "నా దస్తూరీయే అది," అన్నాడు. "బకెట్లు తడితడిగా ఉన్నాయి. ఒకదాని అంచుకు నాలుగైదు నత్తలు అంటుకుని కూడా ఉన్నాయి. నా కళ్లతో చూశాను."

వకామాత్సు నా వైపు తిరిగాడు. "అయితే మిత్సుయో గారూ, మీరు లక్షల ఏళ్ల నాటి చుట్టరికం అంటున్నది ట్రక్కెక్కి వచ్చిందన్నమాట."

అందరూ నవ్వారు. ఏం చెయ్యాలో తోచక నేనూ నవ్వాను.

నా వ్యాసంలో ఏముందో నీకు తెలుసు, పంపాను కదా. పదకొండు వాగుల నుంచి ఐదేసి నత్తలు తీసుకుని, వాటి జన్యువులు చదివి, ఏది దేనికి చుట్టమో చూశాను. మన ఊరి నత్తకు పక్క వాగు నత్తతో పోలిక లేదు. కొండలకు అవతల, డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న మీ తానిహారా నత్తతో పోలిక కుదిరింది. ఈ సరస్సు మొదట పుట్టింది మీ వైపే. లక్షల ఏళ్లలో మెల్లగా ఉత్తరానికి జరిగి ఇక్కడికొచ్చింది. ఆ పాత సరస్సు నత్తల వంశం రెండు చోట్ల మిగిలిందని రాశాను. ఇరవై ఆరేళ్లు వేరేవాళ్ల వ్యాసాల కోసం నత్తలు కోసిన మనిషిని నేను. నా పేరు ముందు వేసి అచ్చయిన వ్యాసం అదొక్కటే.

ఇంతవరకూ రాసింది సంగతి. ఇక్కడి నుంచి రాసేది నీకూ నాకూ మధ్యది.

నాలుగేళ్ల క్రితం మే నెలలో మీ పెరటి వాగులోనే ఆ నత్తలు ఏరాను. నా బకెట్టు పట్టుకున్నది నువ్వు. "నీళ్లు చల్లగా ఉన్నాయి, ఐదు చాలన్నావుగా, ఇక పైకి రా," అన్నావు. యోషినో పిన్ని భోజనం పెట్టింది. నేను తింటూ గంటసేపు నత్తల గురించే మాట్లాడాను. నువ్వు విన్నావు. వ్యాసం పంపితే, "మీ నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో," అని కార్డు రాశావు. ఆ నత్తలు నువ్వే ఇక్కడికి మోసుకొచ్చావని అప్పుడు ఒక్క మాట అనుంటే నేను ఆగిపోయేదాన్ని. నాలుగేళ్లలో ఆ ఒక్క మాటకు నీకు తీరిక దొరకలేదా?

నిన్నటి నుంచి కూర్చోలేకపోతున్నాను. మూడుసార్లు వాగు దాకా వెళ్లి వచ్చాను. పరిశోధన కేంద్రంలో ఫ్రీజరు తెరిచి పాత నమూనాల గొట్టాలన్నీ మళ్లీ వరసగా పెట్టాను. అవి ముందే వరసగా ఉన్నాయి. పొద్దున వంటింట్లో చేపలు తిరిగే ఊటగుంటలో అన్నం గిన్నె నానేసి మరిచిపోయాను. చేపలు గిన్నెను అద్దంలా నాకి పెట్టాయి.

నవంబరు 12 లోగా నేను లిఖితపూర్వకంగా చెప్పాలి. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని, మన వాగు నత్తలు బయటి నుంచి వచ్చినవేనని రాస్తాను. రాశాక ఆ వాగును కాపాడమని అడిగే హక్కు నాకుండదు. సంతకం పెట్టేముందు వివరాలు కావాలి. మీ వాగులో ఏ చోట పట్టావు, ఇక్కడ ఏ చోట వదిలావు, ఒక్కసారేనా? క్షమాపణ రాయకు. ఇవి రాయి చాలు.

నీ అన్న కూతురు,
మిత్సుయో


తానిహారా,
అక్టోబరు 14

అమ్మా మిత్సుయో,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. నువ్వడిగినదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్తాను. నేను నత్తలు తేలేదు. తీసుకుపోయాను.

నాకప్పుడు నలభై ఒక్కటి. పెళ్లి కాలేదు. పెంకుల కంపెనీ ట్రక్కు నడిపేవాణ్ని. యోషినో ఇంటికి పెంకులు దించడానికి తానిహారా వచ్చాను. భర్త పోయి ఆరేళ్లయింది ఆమెకి. టీ ఇస్తూ మీ ఊళ్లో మిణుగురులు బాగా వస్తాయటగా అంది. వస్తాయన్నాను. "మా వాగులో పన్నెండేళ్ల నుంచి ఒక్కటీ లేదు. పొలాల మందుకి నత్తలన్నీ పోయాయి. మిణుగురు పిల్లలు తినేది నత్తల్నే కదా. మీ ఊళ్లో గిన్నె ముంచితే నత్తలొస్తాయట, ఇక్కడ రాయి తిరగేస్తే రాయే ఉంటుంది," అంది. నేను గొప్పకు పోయాను. తెచ్చిస్తానన్నాను.

మన ఊరి కట్టుబాటు నీకు తెలుసు. నలభై ఇళ్లూ ఒప్పుకోందే వాగులోంచి నత్తపిల్లను కూడా బయటికి పోనివ్వరు. ఆ ముందటేడే వేరే ఊరివాళ్లు స్వీట్లు పట్టుకొచ్చి అడిగితే ఓత్సుబో స్వీట్లు తీసుకుని వాళ్లను పంపేశాడు. నేనడిగినా అంతే. ఎవరి కోసమో చెప్పాల్సి వచ్చేది కూడా.

అందుకని ఆటల పండుగ రోజు చూసుకున్నాను. ఊరంతా బడి మైదానంలో ఉంది. నడుం నొప్పి, పైగా తానిహారాకి పెంకులు వేసుకెళ్లాలి అని చెప్పాను. తొమ్మిది నుంచి పదకొండు దాకా పాత నీటిమిల్లు కింద రాళ్లు తిరగేసి ఏరాను. మైకులో పిల్లల పేర్లు పిలుస్తుంటే వినబడుతూనే ఉంది. నీ పేరు కూడా పిలిచారు. నాలుగు బకెట్లు నిండాయి. మధ్యాహ్నం తానిహారాలో యోషినో పెరటి వెనక వదిలాను. అదే చోటు, నువ్వు ఏరింది.

తిరిగొచ్చేసరికి నాలుగు దాటింది. వంతెన మీద జనం ఎదురొచ్చారు. ఓత్సుబో ట్రక్కులోకి తొంగి చూశాడు.

"ఏంట్రా ఇవి, నత్తలా?"

"అవును."

"తానిహారా నుంచా?"

నేను నోరు తెరిచాను. "అవును" అనే వచ్చింది. ఇక ఆగలేదు ఆయన. నన్ను పట్టుకుని, "మేమెవ్వరం తలపెట్టని పని చేశావురా," అన్నాడు. సాయంత్రానికి సీసా వచ్చింది. తాగాను. ఆ పుస్తకంలో రాశారని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలీదు. దొంగతనానికి పొగడ్త పడిందని మాత్రం తెలుసు.

మీ నాన్నకు తెలుసు. మర్నాడు పొద్దున మిల్లు కింద రాళ్లు బోసిగా ఉండటం చూశాడు. నన్నేమీ అడగలేదు. ఆ చలికాలమంతా నాతో మాట్లాడలేదు. వసంతంలో నేను పెళ్లి చేసుకుని ఇటు వచ్చేశాను.

నీ బకెట్టు పట్టుకున్నప్పుడు ఎందుకు చెప్పలేదంటావా? పక్కన మీ పిన్ని ఉంది. ఊరంతా ఒప్పుకుని సంతోషంగా ఇచ్చారని చెప్పి పెళ్లి చేసుకున్నాను ఆమెని. అందుకని ఏటా డిసెంబరులో మీ మిణుగురుల సంఘానికి ఊరగాయ డబ్బా కట్టి పంపమంటుంది. నేను పంపానంటాను. ముప్పై నాలుగు డబ్బాలు. ఒక్కటీ ఫుకామిజు చేరలేదు. ఇక్కడి స్టేషన్లో పనిచేసేవాళ్లకి ఇచ్చేస్తాను. నా జీవితమంతా ఆ "అవును" మీద కట్టిన ఇల్లు. ఒక ఇటుక లాగితే ఎంత కూలుతుందో అని భయం. నీ వ్యాసం నాకర్థం కాలేదు. మన నత్తనూ ఈ నత్తనూ చుట్టాలన్నావు, అది నిజమే కదా అని సర్దుకున్నాను.

నిన్న మీ పిన్నికి చెప్పాను. అన్నం వడ్డించడం ఆపి గరిటె కింద పెట్టింది.

"దొంగసొత్తుతో పెళ్లిచూపులకు వచ్చావా?" అంది.

ఔనన్నాను.

"మరి నా ఊరగాయ ఎవడు తిన్నాడు?"

చెప్పాను.

"అందుకా ఆ టిక్కెట్లబ్బాయి నన్ను చూస్తే వంగి వంగి దండం పెట్టేది. రేపే రాయి మిత్సుయోకి. రాసి పోస్టు చెయ్యి. నేను వెంట వస్తాను, డబ్బాలు నమ్మినట్టు దీన్ని నమ్మను."

పోస్టు డబ్బా దాకా వస్తుందట. నేను రాస్తుంటే ఇప్పుడు నా పక్కనే నిలబడి ఉంది.

మన నత్త మన ఊరిదే. పరాయిది ఇక్కడున్నది. నా మాట నమ్మక్కర్లేదు. ముప్పై ఐదేళ్లు అబద్ధం ఆడినవాడి మాట ఎవరు నమ్ముతారు? నీ దగ్గర యంత్రాలున్నాయి కదా. వచ్చి చూసుకో.

ఇసావో బాబాయి


ఫుకామిజు,
నవంబరు 3

బాబాయికి,

ఫలితాలు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వచ్చాయి. నువ్వు చెప్పింది అబద్ధమని నత్తలు అనడం లేదు.

కిందటి నెల 19న నేను వచ్చినప్పుడు పిన్ని నిన్ను వాగు దగ్గరికి రానివ్వకపోవడం మంచిదే అయింది. నువ్వుంటే నేనేదో అనేదాన్ని. బకెట్టు ఆవిడే పట్టుకుంది. "నీకు ఎన్ని కావాలో అన్నీ తీసుకో. మావి కావుగా," అంది. నలభై ఏరాను. మన వాగులో, మిల్లు కింద, ఇంకో నలభై. పోయినసారి ఐదేసి తీసుకున్నాను. ఐదు నత్తలతో చుట్టరికం తెలుస్తుంది. ఎవరింటి నుంచి ఎవరింటికి వెళ్లారో తెలియదు. ఆ తేడా నాకు తెలిసి ఉండాల్సింది.

ఈ నత్తలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. మీ వాగులో ఏరిన ఒక తల్లి కడుపులో నూట ముప్పై పిల్లలున్నాయి. అందుకే పాదం కండ నుంచి మాత్రమే మిల్లీమీటరు ముక్క కోస్తాం. కడుపు దగ్గర కోస్తే పిల్లలవి కలుస్తాయి, వాటితో వాటి తండ్రులవీ వచ్చి పడతాయి. ఎనభై పాదాలు నేనే కోశాను, ఎవరి చేతికీ ఇవ్వలేదు.

తల్లి నుంచి పిల్లకు మాత్రమే దిగే జన్యు భాగం ఒకటుంది. ఇంటిపేరులాగా అనుకో, కాకపోతే అమ్మ వైపు నుంచి. మన వాగు నలభైలో అలాంటివి పదమూడు రకాలున్నాయి. మీ వాగు నలభైలో రెండే. ఆ రెండూ మన పదమూడులోవే. గాదెలో ఉన్న గింజలన్నీ గుప్పెట్లోకి రావు. గుప్పెట్లో ఉన్నవి మాత్రం గాదెలో దొరుకుతాయి. మనది గాదె. మీది నువ్వు పట్టుకెళ్లిన గుప్పెడు. మన పదమూడు రకాలూ ఒకే కొమ్మవి. ఆ కొమ్మ పక్క వాగుల కొమ్మల నుంచి ఎప్పుడో విడిపోయింది. ట్రక్కులు పుట్టక చాలా ముందు.

వ్యాసం మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. రెండు ఊళ్ల నత్తలకూ పాత సరస్సు కలిపిన బంధం ఉందన్నాను. కలిపింది నువ్వు. పత్రికవాళ్లకు నిన్న రాశాను. ఇరవై ఆరేళ్లలో ఒక్క వ్యాసం, అదీ పోయింది. బాధగానే ఉంది, దాచను. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. ఏ రాయి కింద ఏ నత్త దొరికిందో, నీటి వేడి ఎంతో, లోతు ఎంతో అన్నీ రాసుకున్నాను. ఒడ్డున బకెట్టు పట్టుకుని నిలబడ్డ మనిషిని ఈ నత్తలు ఇక్కడ ఎప్పటి నుంచి ఉన్నాయని ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే నువ్వు అబద్ధం చెప్పేవాడివేమో. కానీ నేను అడగలేదు.

ఇక అసలు చిక్కు. మా కేంద్రంలో నాతో పనిచేసే ఒకాయన ఫలితాలు చూసి, "తానిహారాలో కూడా ఒకప్పుడు పదమూడు రకాలు ఉండేవేమో. పొలాల మందుకు పోయి రెండు మిగిలాయేమో," అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జన్యువులు ఇది ఎక్కువ సంభవం అంటాయి. ఇదే జరిగింది అని అనవు. మందుకు ఒక్క నత్తా మిగల్లేదని, బకెట్లు ఇటు నుంచి అటు వెళ్లాయని చెప్పగలిగింది చూసినవాళ్లే.

నీ పేరు రాయకుండా "ఆనాటి గ్రామస్థుడొకరు" అని పెడదామనుకున్నాను. పిన్ని మాటను కూడా అలాగే పెడదామనుకున్నాను. మొన్న వకామాత్సును కలిసి అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు, పని పూర్తి చేయాలన్న ఆత్రం. "మిత్సుయో గారూ, ఒక పక్క పేరున్న పుస్తకం. ఇంకో పక్క పేరు లేని మనిషి. మీరు నా కుర్చీలో ఉంటే దేన్ని నమ్ముతారు?" అన్నాడు.

కమిటీ చివరి సమావేశం 14న, గురువారం. ఆ రోజు తేలకపోతే డిసెంబరు 2న మిల్లు దిగువన యంత్రాలు దించుతారు. నువ్వు రావాలని అడగను. ఇక్కడ వాగు శుభ్రం చేసే రోజున ఇప్పటికీ నీ పేరు మంచిగానే తలుస్తారు. అది పోగొట్టుకోవడమా, ఉంచుకోవడమా అన్నది నీ ఇష్టం. నేను నీ మీద ఇంకా కోపంగానే ఉన్నాను. కోపం ఉండగా ఏమీ అడగకూడదని ఇంతవరకే రాస్తున్నాను.

మిత్సుయో


తానిహారా,
నవంబరు 7

అమ్మా మిత్సుయో,

నా పేరు రాయి. ఇంటిపేరుతో సహా రాయి. మీ పిన్ని పేరు కూడా రాయి, లేకపోతే ఊరుకోదు. మందు కొట్టిన రోజుల్లో నత్తలు గుల్లలై తేలుతుంటే జల్లెడతో ఎత్తి పారబోసింది తనేనని, ఒక్కటి మిగిలినా తనకు తెలిసేదని అంటోంది.

నిన్న పొద్దున ఓత్సుబోకి ఫోను చేశాను. వేరేవాళ్ల నోట ఆయన వినకూడదనుకున్నాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"ఉన్నావా?" అన్నాను.

"ఉన్నాను. ఎనభై ఎనిమిదేళ్లొచ్చాయి, తొందరగా ఎక్కడికి పోతాను," అన్నాడు. "ఆ రోజు తాడు లాగుడులో ఎగువ వాడ చేతిలో ఓడిపోయాం. నువ్వు నడుం నొప్పన్నావని నీ చోట మంగలాయన్ని పెట్టాను. ముప్పై ఐదేళ్ల నుంచి వాణ్ని తిడుతున్నాను."

క్షమించమన్నాను.

"నన్నెందుకు అడుగుతావు? నలభై ఇళ్లను అడుగు. ముప్పై ఒకటే ఉన్నాయిప్పుడు, నీకు పని తగ్గింది." తర్వాత గొంతు మారింది. "పుస్తకంలో రాసింది నేను. చూసింది తడి బకెట్లు. రాసింది మాత్రం నత్తలు తెచ్చాడని. చూడనిది రాశాను. అది నీ తప్పు కాదు, నాది. ఆ కుర్ర గుమాస్తా ఎదుట ఆ పుటలో ఆ వాక్యం నా చేత్తోనే కొట్టేస్తాను. కానీ ముందు అందరి ముందూ నిన్ను తిట్టాలి. వస్తావా?"

వస్తానన్నాను.

నిద్ర సరిగా పట్టడం లేదు. అయినా ఇన్నేళ్లూ పట్టనట్టు కాదు ఇది, వేరే రకం. మీ పిన్ని రెండు డబ్బాలు కడుతోంది. ఒకటి సంఘానికి, ఒకటి నీకు. ఈసారి తనే మోస్తుందట.

నీ కోపం ఉంచుకో. అది నీకు రావలసిందే. సమావేశంలో దాన్ని అడ్డం పెట్టుకోకుండా నీ నలభై నత్తలూ నా నలభై నత్తలూ ఏం చెప్పాయో అది చెప్పు. మిగతాది నేను చెప్తాను.

14న, గురువారం పొద్దున 6:04 బండి ఎక్కుతున్నాం. మూడు చోట్ల మారాలి. మన స్టేషనులో 9:12కి దిగుతాం. వకామాత్సు గారికి ఫోను చేసి వరస రాయించాను. పది గంటలకు మొదట నువ్వు, తర్వాత నేను, ఆ తర్వాత మీ పిన్ని, చివర ఓత్సుబో. పదకొండున్నరకు చేతులెత్తించి ఓట్లు లెక్కపెడతారట.

మీ బాబాయి,
ఇసావో